పదకొండు ఆదివారాలు మెట్ల మీద

పోయిన వారం తాళాలాయన్ని కొట్టులో కూర్చోబెట్టి వదిలేశాం. శనివారం మధ్యాహ్నం. ఎండ గడప దాకా వచ్చింది. ఎదురుగా ఇస్త్రీ పెద్దమ్మ నిలబడి, "ఒక తాళం పట్టేసింది నాయనా, వచ్చి తీస్తావా" అని అడిగింది. ఆయన చేతిలో ఆకురాయి కింద పెట్టాడు. అక్కడ ఆగాం.

వెనకటి భాగాలు చదవనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెబుతాను. తాళాలాయనకి యాభై ఎనిమిదేళ్ళు. తాళాలు బాగుచేస్తాడు, తాళంచెవులు చేస్తాడు. ప్రభువుని నమ్ముకున్న పదిహేడు మంది, అట్టపెట్టెలు చేసే కొట్టు మీద ఒక గది తీసుకుని ఆదివారం ఆదివారం కూడుకుంటారు. వాళ్ళలో ఈయనొకడు. వాళ్ళకి పాస్టరు లేడు. ఒకరు పాట ఎత్తుకుంటారు, ఒకరు వాక్యం చదువుతారు. ఆఖర్న గుండ్రంగా కూర్చుని ఒక్కొక్కరూ తమ ఎడమపక్క ఉన్నవాళ్ళ కోసం పైకి ప్రార్థన చేస్తారు. ఆ గది తాళంకప్ప తాళాలాయన చేసిందే. పందొమ్మిదేళ్ళు తలుపు తీసిందీ ఆయనే, పాట ఎత్తుకున్నదీ ఆయనే.

ఆయన ఒకనాడు బావమరిది టైలరు దగ్గర ఒక మాట చెప్పుకున్నాడు. ఏడాదిగా తనకి ప్రార్థన రావట్లేదని. ఏం జరిగింది బావా అంటే, "ఏం జరగలేదు, అదే బాధ. ఏదన్నా జరిగుంటే చెప్పుకోడానికుండేది" అన్నాడు. ఆ ఆదివారం గుండ్రంలో టైలరు ఎడమపక్కన ఈయన పడ్డాడు. టైలరు కళ్ళు మూసుకుని గొంతెత్తి, "ప్రభువా, మా బావ ఏడాదిగా పెదాలే కదుపుతున్నాడు, లోపల ఏమీ లేదు, ఆయన్ని దయ చూడు" అన్నాడు. అందరూ విన్నారు. తాళాలాయన భార్య కూడా విన్నది. ఆవిడకి ఆ సంగతి తెలియడం అదే మొదలు.

మర్నాడు ఆయన గది తాళంచెవి భార్య చేతిలో పెట్టి, "మీ తమ్ముడికిచ్చెయ్. ఆ గది మాట ఇంట్లో ఎత్తొద్దు" అన్నాడు. ఆవిడ ఎత్తలేదు. తను మాత్రం ప్రతి ఆదివారం వెళ్ళొస్తూనే ఉంది. ఈయన వెళ్ళక పదకొండు వారాలైంది.

ఇక కథలోకి.

"ఏ తాళం?" అన్నాడు తాళాలాయన.

"నీకు తెలిసిందే."

"నాకు తెలిసినవి వెయ్యి ఉన్నాయి."

"మన గదిది."

ఆయన ఆకురాయి మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. బిగింపులో ఉన్న తాళంచెవిని నాలుగుసార్లు రుద్దాడు. దానికి ఇక రుద్దాల్సిందేం లేదు.

"బజారులో ఇంకో ఇద్దరున్నారు. వాళ్ళని పిలుచుకోండి."

"పిలవం," అంది పెద్దమ్మ. అడక్కుండానే బల్ల మీద కూర్చుంది. ఆవిడా ఆ పదిహేడు మందిలో ఒకరు, డెబ్భై రెండేళ్ళు. బొగ్గుల ఇస్త్రీపెట్టె తోసి తోసి కుడిభుజం ఎడమదానికంటే కిందికి దిగింది. ఎవరింటికెళ్ళినా ముందు కూర్చుంటుంది, వచ్చిన పని తర్వాత చెబుతుంది.

తాళాలాయన ఊరుకుందామనుకున్నాడు. కానీ తాళం పట్టేసిందంటే ఎందుకు పట్టేసిందో తెలుసుకోకపోతే ఆయనకి అన్నం సయించదు.

"ఎప్పుడు పట్టేసింది?"

"నువ్వు తాళంచెవి పంపించావే, ఆ వచ్చే ఆదివారమే. మీ బావమరిది పెట్టి తిప్పబోయాడు. సగం కూడా దిగలేదు. వాడు ఇంకా తొయ్యబోతే నేనే చేతి మీద ఒకటిచ్చి ఆపాను."

"పదకొండు వారాల కిందటా?"

"లెక్క బాగానే పెట్టుకున్నావే."

ఆయన ఆ మాట విననట్టే ఉన్నాడు. "మరి ఎక్కడ కూర్చుంటున్నారు?"

"మెట్ల మీద."

తాళాలాయన చేతిలో పని ఆగింది. ఆ మెట్లు ఆయనకి తెలుసు. గోడ బయట పధ్నాలుగు మెట్లు, పైన కప్పు లేదు, పక్కన సున్నం రాలే గోడ. మధ్యలో రెండు ఆదివారాలు వాన పడింది. ఆ రెండు రోజులూ ఆయన కిటికీ దగ్గర కూర్చుని వాన చూశాడు. భార్య గొడుగు పట్టుకుని వెళ్ళింది, తడిసి వచ్చింది. ప్రతి ఆదివారం ఆవిడ వీపున సున్నం అంటుకుని ఉండేది. ఎక్కడ ఆనుకుందో అనుకున్నాడు గానీ అడగలేదు. అడిగితే ఆ గది మాట తనే ఎత్తినట్టవుతుంది.

"రొట్టె బల్ల లోపలే ఉండిపోయింది," అంది పెద్దమ్మ. "ద్రాక్షరసం గిన్నె కూడా. మీ బావమరిది మంచినీళ్ళ గ్లాసులో కానిస్తున్నాం. ఎన్నిసార్లు కడిగినా దారప్పోగు ఒకటి తేలుతుంది."

"తాళం పగలగొట్టొచ్చుగా. రెండు దెబ్బల పని."

"ఎవరిది పగలగొట్టేది? నువ్వు చేసింది పగలగొట్టి ఇంకోటి తగిలించామనుకో. అంటే నువ్వు ఇక రావని మేమందరం కూర్చుని తేల్చుకున్నట్టు."

"నేను రానని నేనే చెప్పాగా."

"నువ్వు చెప్పావు. మేం ఒప్పుకోలేదు."

ఆవిడ గొంతు పెంచలేదు. చొక్కా కాలరు మడత సరిచేసినట్టు మాట్లాడుతుంది, అంతే. "ఒకసారి ఒప్పుకున్నాం నాయనా. మీ అన్న విషయంలో."

తాళాలాయన తలెత్తలేదు.

ఆయన అన్న బస్సు డ్రైవరు. పధ్నాలుగేళ్ళ కిందటి దాకా ఆ గదిలో ఆయనకీ ఒక కుర్చీ ఉండేది. వారం మధ్యలో వచ్చి ఊడ్చి, దీపాలు చూసుకునేవాడు. అందుకని ఆయనకీ ఒక తాళంచెవి ఉండేది. తర్వాత ఆయనకి ఆదివారం డ్యూటీలు పడ్డాయి. ఒక వారం వచ్చి ఒక వారం రాలేకపోయేవాడు. ఒక ఆదివారం అన్న అక్కడే కూర్చుని ఉండగా, ప్రార్థనలో ఒకరు, "ప్రభువా, నీకంటే బస్సుని ఎక్కువగా ప్రేమించేవాళ్ళని క్షమించు" అన్నారు. అన్న లేచి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. తాళంచెవి ఏదంటే మురిక్కాలవలో పారేశానన్నాడు. ఇంటికీ రాకపోకలు లేవు.

ఆ ప్రార్థన చేసింది తాళాలాయనే.

"మీ బావమరిది నీ గురించి నోరు జారాడు," అంది పెద్దమ్మ. "వాడు ప్రేమకొద్దీ జారాడు. నువ్వప్పుడు జారలేదు, విసిరావు. నేను విన్నాను. విని ఏం చేశాను? ఏం చెయ్యలేదు. కావాలంటే తనే వస్తాడులే అనుకున్నాం అందరం. నెల తిరక్కుండా ఆయన కుర్చీ మడిచి వెనక గదిలో పెట్టేశాం. అడ్డంగా ఉందని. దాన్ని మోసుకెళ్ళి పెట్టిన చేతులివి."

ఆవిడ తన చేతులు ఒకసారి చూసుకుంది. తాళాలాయన ఆకురాయికి అంటుకున్న పొడి దులిపాడు.

"నేను ప్రభువుని వదల్లేదు పెద్దమ్మా," అన్నాడు. "ఇంట్లో చేసుకుంటున్నాను. దానికి పదిమంది ఎందుకు?"

"చేసుకుంటున్నావా?"

"ఆఁ."

"పోయిన ఆదివారం ఏం చేశావు?"

ఆయన జవాబు చెప్పబోయి ఆగాడు. మొదటి ఆదివారం బల్ల ముందు కూర్చున్న మాట నిజం. బైబిలు తెరిచాడు, చదివాడు, పాట ఒక చరణం పాడాడు. ఒక్కడి గొంతు ఆ గోడల మధ్య వింతగా వినపడి ఆపేశాడు. రెండో వారం చదవడం వరకు చేశాడు. నాలుగో వారం ఎవరిదో పెట్టె తాళం ఇంటికి తెచ్చుకుని బాగుచేశాడు. పోయిన ఆదివారం కొట్టు తెరిచి మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. ఆదివారమని గుర్తే లేదు. పక్క కొట్టు మూసి ఉంటే, వీడికేమైందో అనుకున్నాడు.

"చెప్పకపోతే పోనీ," అంది పెద్దమ్మ. "నాకు తెలుసు. వచ్చిన ప్రతి ప్రసంగీకుడూ నా ఇస్త్రీపెట్టెకేసి చూసి, ఒంటరి బొగ్గు ఆరిపోతుంది అంటాడు. వాళ్ళెవరూ బొగ్గులు రాజెయ్యలేదు. ఒంటరి బొగ్గు వెంటనే ఆరదు. చాలాసేపు ఎర్రగానే ఉంటుంది, బానే ఉన్నాననుకుంటుంది. దాంతో ముడతొకటి తీసి చూడు, అప్పుడు తెలుస్తుంది."

తాళాలాయనకి నవ్వొచ్చింది. నవ్వలేదు.

"ఇంకో మాట. నాకు నాలుగేళ్ళు రాలేదు."

"ఏంటి?"

"ప్రార్థన. నాలుగేళ్ళు. ఎవరితోనూ అనలేదు. నువ్వు ఒక్కడితోనన్నా అన్నావు, నాకు ఆ ధైర్యం కూడా లేదు. ఆదివారం వచ్చి కూర్చునేదాన్ని. నువ్వు పాట ఎత్తుకునేవాడివి. నీ పాట సంగతి తెలుసుగా, మొదటి ముక్కే మెట్టు తప్పుతుంది, తర్వాత అందరం కలిసి దాన్ని ఎత్తి దారిలో పెట్టాలి. ఈ మనిషి ఇంత తప్పు పాడుతూ కూడా మానట్లేదు కదా, నేనెందుకు మానాలి అనుకునేదాన్ని. ఆ నాలుగేళ్ళూ దాని మీదే వచ్చాను. తర్వాత ఎప్పుడో మళ్ళీ వచ్చింది, ప్రార్థన. ఎప్పుడొచ్చిందో కూడా చూసుకోలేదు."

ఇరవై ఏళ్ళ పరిచయంలో ఆవిడ ఇంతసేపు మాట్లాడటం అదే మొదటిసారి. లేచి నడుం పట్టుకుంది.

"రేపు పొద్దున్నే వస్తాను," అన్నాడు తాళాలాయన. "తాళం తీసి వెళ్ళిపోతాను. లోపలికి రాను."

"నిన్ను లోపలికి రమ్మని ఎవరడిగారు? తాళం తియ్యమన్నాను."

ఆదివారం పొద్దున ఆయన సామాన్ల సంచీ పట్టుకుని వెళ్ళేసరికి వాళ్ళు మెట్ల మీద కూర్చునే ఉన్నారు. పాట అయిపోయింది, ప్రార్థన మొదలు కాలేదు. భార్య కింది నుంచి ఆరో మెట్టు మీద ఉంది, పాత దుప్పటి మడత వేసుకుని. ఈయన్ని చూసి, కుళాయి బాగుచెయ్యడానికి వచ్చినవాడిని చూసినట్టు చూసి, మోకాళ్ళు పక్కకి తిప్పి దారి ఇచ్చింది. ఇంట్లో మాట ఎత్తొద్దన్నాడు కదా, ఇక్కడా ఎత్తలేదు.

అందరూ మోకాళ్ళు తిప్పారు. ఆయన ఒక్కో మెట్టు ఎక్కాడు.

"పాటలాయన లేక మేమందరం సరిగ్గా పాడేస్తున్నాం," అన్నాడు వాళ్ళలో ఇళ్ళకి రంగులేసే ఆయన. "ఏం బాగుండట్లేదు."

పైనుంచి నాలుగో మెట్టు ఖాళీగా ఉంది. పధ్నాలుగు మెట్ల మీద పదహారు మంది ఇరుక్కుని కూర్చున్నారు. కొన్నిటి మీద ఇద్దరిద్దరు. ఆ మెట్టు మీద మాత్రం ఎవరూ లేరు. దానికి పైన మూడో మెట్టు మీద టైలరు కూర్చుని ఉన్నాడు. తాళాలాయన ఆ ఖాళీ మెట్టు మీద కాలు పెట్టకుండా దాటబోయి తూలాడు. టైలరు మోచెయ్యి పట్టుకున్నాడు. ఈయన విడిపించుకున్నాడు.

"ఇదెందుకు ఖాళీ?" అన్నాడు, ఎవరినీ చూడకుండా.

పెద్దమ్మ పై మెట్టు మీద నుంచి అంది. "మెట్ల మీద ఎడమపక్క ఎక్కడుంటుంది? అందుకని పైమెట్టు వాళ్ళు కింది మెట్టు వాళ్ళ కోసం చేస్తున్నాం. మీ బావమరిది కింద ఆ మెట్టు. పదకొండు వారాలుగా దానికే చేస్తున్నాడు."

టైలరు కింద చూస్తున్నాడు. "పేరు పెట్టట్లేదు బావా," అన్నాడు మెల్లగా. "ఈ మెట్టు మీద వాళ్ళు అంటున్నానంతే. ఇంకేం చెప్పట్లేదు."

తాళాలాయన తలుపు దగ్గరికి వెళ్ళాడు. తాళంకప్ప గొళ్ళేనికి వేలాడుతోంది. గుప్పెడంత ఇనప కప్ప. పైన ఎవరో నూనె రాశారు, తుప్పు పట్టకుండా. ఆయన బొటనవేలితో తుడిచి చూశాడు. కుట్టుమిషను నూనె. ఎవరి పనో తెలిసింది.

"అద్దం పట్టుకో," అన్నాడు టైలరుతో. సంచీలోంచి అరచేతంత అద్దం తీసి ఇచ్చాడు. "ఎండ ఆ బెజ్జంలోకి కొట్టాలి. చెయ్యి కదపకు."

టైలరు పట్టుకున్నాడు. వెలుగు తాళం మీద వణికింది.

"కదపకన్నానా."

"కదపట్లేదు. బావా, ఒక మాట."

"నీకు నోరు కదిలితే చెయ్యి కదులుతుంది. నీ కాజాలు చూస్తే తెలుస్తుంది."

"నా కాజాలకేం?"

"ఒక్క గుండీ తిన్నగా దూరదు."

తాళాలాయన సన్నటి తీగ ఒకటి బెజ్జంలోకి పోనిచ్చాడు. అరంగుళం లోపల ఏదో తగిలింది. ఇనుము. గట్టిగా కూర్చుంది. తాళం పాడవలేదు, లోపల ఏదో ఉంది. అందుకే టైలరు పెట్టిన చెవి దిగలేదు. ఆయన రెండు చుక్కలు పల్చటి నూనె వేశాడు.

"నువ్వు చెప్పిన రోజు నాకేం చెయ్యాలో తెలీలేదు బావా," అన్నాడు టైలరు. "నువ్వెప్పుడూ ఏదీ చెప్పవు. పెళ్ళైనప్పటి నుంచి చూస్తున్నాను, కాలు విరిగినప్పుడు కూడా చెప్పలేదు. అలాంటిది చెప్పావు. భయమేసింది. మా నాన్న పోయినప్పుడు కూడా అంత భయం వెయ్యలేదు. నాకు తెలిసిన పని ఒకటే కదా, అది చేశాను. అది నలుగురి ముందు చేసేది కాదని నోట్లోంచి వచ్చాక తెలిసింది. అక్క మొహం చూశాక ఇంకా తెలిసింది."

"అద్దం."

"పట్టుకున్నా."

తాళాలాయన కప్పని తలకిందులుగా తిప్పి పట్టి, చెక్క సుత్తితో తట్టాడు. ఒకటి, రెండు. తీగ కొక్కెంతో లాగాడు. మళ్ళీ తట్టాడు. కింద వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు.

"నేను చేసిందీ అదే," అన్నాడు తాళాలాయన ఉన్నట్టుండి.

"ఏంటి బావా?"

"ఏం లేదు. నేను నీకంటే ముందే చేశాను. నీకంటే హీనంగా."

అరచేతిలో ఏదో పడింది.

తాళంచెవి కొస. బొటనవేలి గోరంత ముక్క, మూడు పళ్ళు ఉన్నాయి. ఎవరో చెవి పెట్టి తిప్పితే విరిగి లోపల ఉండిపోయింది. ఆయన దాన్ని గుడ్డతో తుడిచి ఎండలో పెట్టాడు. మూడో పన్ను పక్కన పసుపుపచ్చగా ఒక చుక్క మెరిసింది. ఇత్తడి.

తాళాలాయన చాలాసేపు దాన్ని చూశాడు.

"నీ దగ్గరున్న చెవి చూపించు," అన్నాడు.

టైలరు జేబులోంచి తీశాడు. కొస నుంచి తల దాకా నిండుగా ఉంది. ఒక్క పన్ను కూడా చెదరలేదు. ఆ చెవి తాళాలాయనదే, తను పంపించిందే. ఆయన దాన్ని తాళంలో పెట్టి తిప్పాడు. టక్కున తెరుచుకుంది. తలుపు తోశాడు. మూసి ఉన్న గది వాసన బయటికొచ్చింది. మెట్ల మీద అందరూ లేచారు. ఎవరో స్తోత్రం అన్నారు, ఎవరో నడుములు పట్టేశాయన్నారు.

తాళాలాయన గడప దాటలేదు. పక్కకి జరిగి వాళ్ళకి దారిచ్చాడు.

"నీ కుర్చీ తుడిచే ఉంటుంది, రా," అంది పెద్దమ్మ. ఆయన మొహం చూసి ఆగింది. "ఏమైంది?"

ఆయన అరచెయ్యి చాపి చూపించాడు.

"ఈ తాళానికి నేను చేసినవి రెండే చెవులు. ఒకటి ఇది. రెండోది చేసేటప్పుడు మూడో పన్ను ఎక్కువ కోసేశాను. మళ్ళీ చెయ్యడానికి బద్ధకించి, ఇత్తడి పోసి అతుకు పెట్టాను. ఆ అతుకు ఎప్పటికైనా విరుగుతుందని నాకు తెలుసు. విరిగినప్పుడు చూసుకుందాంలే అనుకుని ఇచ్చేశాను."

"ఎవరికి?" అన్నాడు టైలరు. పెద్దమ్మ అడగలేదు. ఆవిడకి అర్థమైంది.

"కాలవలో పారేశానన్నాడే," అంది.

"పారెయ్యలేదు." తాళాలాయన ముక్కని తిప్పి విరిగిన వైపు చూపించాడు. "ఇక్కడ తుప్పు చూడు. లేతగా ఉంది. ఏళ్ళనాటిది కాదు. నేను వచ్చిన ఆఖరి ఆదివారం తాళం వేసింది నేనే. అప్పుడు బానే ఉంది. వచ్చే ఆదివారానికి పట్టేసింది. ఈ మధ్యలో ఆ వారంలోనే ఒక రోజు మా అన్న ఈ మెట్లెక్కి వచ్చాడు. పధ్నాలుగేళ్ళ తర్వాత. నేను చేసిన పాడు చెవి విరిగింది. దిగి వెళ్ళిపోయాడు."

లోపలికి వెళ్ళినవాళ్ళు కొందరు మళ్ళీ గుమ్మం దగ్గరికి వచ్చారు. తాళాలాయన భార్య ఆయన పక్కన వచ్చి నిలబడింది. సంచీ ఆయన చేతిలోంచి తీసుకుంది.

"వెనక గదిలో ఆయన కుర్చీ ఉండాలి," అన్నాడు తాళాలాయన. "దులిపి వెయ్యండి. నేను బస్సుల షెడ్డు దాకా వెళ్ళొస్తాను."

"నేనూ వస్తా," అన్నాడు టైలరు.

"అక్కర్లేదు."

"ఒక్కడివే వెళ్ళకు బావా."

"ఇద్దరూ వెళ్ళండి," అంది పెద్దమ్మ. అది అడగడం కాదు. "మేం ఇక్కడే ఉంటాం. రొట్టె విరిచేది మీరొచ్చాకే. ఎంతసేపైనా."

"నోరు మెదపకూడదు మరి," అన్నాడు తాళాలాయన.

"మెదపను."

దారి పొడుగునా టైలరు మెదుపుతూనే ఉన్నాడు. అన్నని ఏమనాలి, ముందు ఎవరనాలి, తిడితే పడాలి, కొడితే కూడా పడాలి. తాళాలాయన వినలేదు గానీ ఆపమనలేదు. ఒక్కడే అయితే ఈపాటికి రెండో సందు దగ్గరే వెనక్కి తిరిగి ఉండేవాడని ఆయనకి తెలుసు.

షెడ్డులో టైం కీపరు అద్దాల గది ముందు కూర్చుని చీటీలు సర్దుకుంటున్నాడు. తాళాలాయన అన్న డ్యూటీ నంబరు చెప్పి, ఏ బస్సు మీద ఉన్నాడని అడిగాడు.

టైం కీపరు కళ్ళద్దాల మీద నుంచి చూశాడు. "మీరెవరు?"

"తమ్ముణ్ణి."

"తాళాలు చేసే తమ్ముడివా?"

"ఆఁ."

"ఇప్పుడొచ్చావా." ఆయన సొరుగు లాగాడు. చీటీల కింద, రబ్బరుబ్యాండు వేసిన చిన్న కాగితం పొట్లం. "తాళాలు చేసే తమ్ముడొకడున్నాడు, వారంలో వస్తాడు, వస్తే ఇవ్వు అన్నాడు. వస్తాడని ఎలా తెలుసంటే, ఆ తాళం తీసేవాడు వాడొక్కడే, తీస్తే వస్తాడు అన్నాడు. నాకేం అర్థం కాలేదు. వారం పోయింది, నెల పోయింది, నువ్వు రాలేదు. రెండు నెలలు దాటింది. ఆయనకే తిరిగి ఇచ్చేద్దామంటే ఆయనుండే గదికి తాళం వేసి ఉంది."

"ఆయన పనిలోకి రావట్లేదా?"

"పదకొండు వారాలు."

తాళాలాయన పొట్లం విప్పాడు. లోపల తాళంచెవి తల వైపు ముక్క. కాగితం మీద అన్న చేతిరాత, అక్షరాలు ముందుకి వాలి. ఆయన నిలబడే చదివాడు.

"గదిలో కాసేపు కూర్చుందామని వచ్చాను. చెవి విరిగింది. నువ్వు చేసిందే, నీకు తెలుసు. రేపు పెద్దాసుపత్రిలో చేరుతున్నాను, మంచం ఇచ్చారు. కడుపులో గడ్డ తీస్తారట. పెద్ద కోత అంటున్నారు. కోతకి ముందు ఎవరన్నా ఒకళ్ళు నా పక్కన కూర్చుని ప్రార్థన చేస్తే బాగుండుననిపించింది. నాకు చాతకావట్లేదు. అందరికీ చెప్పక్కర్లేదు. నువ్వు వస్తే చాలు. రెండో అంతస్తు, పంతొమ్మిదో మంచం."

కింద తేదీ వేసి ఉంది. ఆ తేదీన తాళాలాయన ఏం చేశాడో ఆయనకి గుర్తుంది. కొట్టులో కూర్చుని ఎవరితోనూ మాట్లాడలేదు.

కాగితం టైలరుకిచ్చాడు. టైలరు చదివి మడిచాడు. టైం కీపరు, "మళ్ళీ కబురేం తెలీదు మాకు" అన్నాడు, అడక్కుండానే. అని, ఆసుపత్రి మీదుగా వెళ్ళే బస్సు అదిగో అని వేలు చూపించాడు. ఇంజను మోగుతోంది.

ఇద్దరూ ఎక్కి వెనక సీట్లో కూర్చున్నారు. తాళాలాయన కళ్ళు మూసుకున్నాడు. ప్రభువా అనుకున్నాడు. ఆ తర్వాత ఏమీ రాలేదు. ఏడాదిగా ఎలా రావట్లేదో అలాగే రాలేదు.

"ఏరా," అన్నాడు కళ్ళు తెరిచి.

"చెప్పు బావా."

"నాకు రావట్లేదు. నువ్వు చెయ్యి."

టైలరు చుట్టూ చూశాడు. బస్సు సగం నిండింది. "లోపల చేసుకోనా?"

"పైకే చెయ్యి. మా అన్న అని చెప్పి చెయ్యి. నా సంగతి కూడా చెప్పు. ఎవరు విన్నా ఫర్వాలేదు."

ముప్పై ఏళ్ళుగా నోరు ఆగని మనిషికి ఆ పూట మొదటిసారి మాట తడబడింది. గొంతు సవరించుకున్నాడు. మళ్ళీ సవరించుకున్నాడు. బస్సు కదిలింది. టైలరు కళ్ళు మూసుకుని గొంతెత్తాడు. ముందు సీట్లలో వాళ్ళు ఒక్కొక్కరే తిరిగి చూశారు.

తాళాలాయన జేబులో చెయ్యి పెట్టి, విరిగిన రెండు ముక్కల్నీ ఒకదానికొకటి ఆనించి పట్టుకున్నాడు. పంతొమ్మిదో మంచం మీద ఇప్పుడు ఎవరున్నారో తెలియడానికి ఇంకా ఆరు స్టాపులున్నాయి.